సరోజమ్మ కుట్టు మిషనూ, భూగోళ రక్షణా

కొనడం తగ్గించుకోవడం కష్టమని ఎవరండీ అన్నది? అంత సులభమైన పని లోకంలో ఇంకోటి లేదు! కాకపోతే అందులో ఒక చిన్న కిటుకు ఉంది. తగ్గించేది మనది కాకూడదు. ఎదుటివాళ్లది అయ్యుండాలి.

మీరే ఆలోచించండి. భార్యకు చీరలు ఎక్కువైపోయాయని ఏ మొగుడికి తెలియదు? మొగుడు సొరుగు నిండా దాచుకున్న ఛార్జర్లూ, టీవీ ఎప్పుడో పోయినా మిగిలిపోయిన రిమోట్లూ దండగని ఏ ఇల్లాలు కనిపెట్టలేదు? అదే మనిషిని తన సొంత అల్మరా ముందు నిలబెట్టండి. చత్వారం వచ్చేస్తుంది! దూరాన ఉన్న చెత్త అక్షరం అక్షరం కనిపిస్తుంది, దగ్గరున్నది మాత్రం చూపుకు ఆనదు.

దీన్ని కొందరు మనిషిలో లోపమంటారు. నేను వరమంటాను. ఎవరి చెత్త వాళ్లే చూసుకోవాలంటే ఈ భూమ్మీద చెత్త ఎవరికీ కనిపించేది కాదు. ఒకరిది ఒకరు చూడబట్టే కదా పర్యావరణం ఈ మాత్రమైనా నిలబడింది! నమ్మకం లేకపోతే బళ్లారి కంటోన్మెంట్‌లో ఒక చర్చిలో జరిగిన కోత పండుగ సంగతి వినండి. విన్నాక కూడా మీ మనసు మారకపోతే నేనిక చేయగలిగింది లేదు.

ముందు ఆ కథలోని నేరస్థురాలిని పరిచయం చేయాలి. ఆమె పేరు సరోజమ్మ. ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్‌గా పనిచేసి రిటైరైంది. చర్చి వెనక వీధిలో కొడుకు మోజెస్, కోడలు లోయిస్‌తో ఉంటుంది. ఈమె చేసిన నేరం ఏమిటంటే, ఏదీ పారేయదు. అంతకంటే ఘోరం, ఏదీ కొనదు.

మోజెస్ జీన్స్ ప్యాంట్లు కుట్టే యూనిట్‌లో సూపర్‌వైజర్. అక్కడ కత్తిరించగా మిగిలిన గుడ్డ ముక్కలు మూటలు మూటలుగా బయట పడతాయి. అందులో ఒక మూట ఎప్పుడూ ఈ ఇంటికి వస్తుంది. కిటికీ కింద కాలితో తొక్కే కుట్టు మిషను. ఇంకేం కావాలి? సంచులు, దిండు గలీబులు, వేడి గిన్నె దించే గుడ్డలు, కుర్చీ మెత్తలు, కాలు తుడుచుకునే పట్టాలు. సరోజమ్మ కుట్టిన సంచిలో జొన్నలు పోసి ఇద్దరు మనుషులు చెరో వైపు పట్టుకొని లాగినా కుట్టు ఊడదు. ఆ వీధిలో అది లేని ఇల్లు లేదు. పక్కింటి శరణమ్మ జాకెట్టు బిగుతైతే వదులు చేసేదీ, వదులైతే బిగించేదీ ఆ మిషనే.

ఆ మిషను ఆమె పెళ్లికి ముందు, హాస్టల్లో ఉద్యోగం వచ్చిన కొత్తలో, జీతంలోంచి మిగిల్చి కొనుక్కున్నది. ఆ ఇంట్లో అచ్చంగా ఆమెది అనదగ్గ వస్తువు అదొక్కటే. మిగతావన్నీ ఇంటివి. పొద్దున కాఫీ తాగి ఆ చక్రం మీద చెయ్యి వేస్తేనే ఆమెకు తెల్లారినట్టు.

ఇలాంటి మనిషి ఒక్కరున్నా కంపెనీల గతి ఏం కావాలి? దేశం ఏం కావాలి? ఆలోచించారా?

అదృష్టవశాత్తూ ఆ ఇంట్లో లోయిస్ ఉంది. చెడ్డ పిల్ల అనుకునేరు, బంగారం లాంటి పిల్ల. చర్చిలో ఆడవాళ్ల సంఘం, స్త్రీల మైత్రికి కార్యదర్శి. భూమి అంటే ప్రాణం. ఇంట్లో సామాన్లు ఎంత తక్కువుంటే మనసుకు అంత హాయని ఫోన్లో వీడియోలు చూసి, ఇల్లంతా ఖాళీగా కనిపించేట్టు చేయాలని నడుం కట్టింది.

ఖాళీ ఊరికే వస్తుందా? దానికి ఒకే ఎత్తున్న గాజు సీసాలు కావాలి. వెదురు స్టాండు కావాలి. కనిపించకూడని వస్తువులు పెట్టడానికి కనిపించే బుట్టలు కావాలి. అవన్నీ అట్టపెట్టెల్లో ఒకటొకటే దిగాయి. సరోజమ్మ ఆ అట్టపెట్టెలు విప్పి, మడతపెట్టి, మంచం కింద దాచింది. లోయిస్‌కు ఒళ్లు మండింది.

"అత్తమ్మా, ఇల్లంటే గాలి ఆడల్ల. మీ మంచం కింద చూడండి, ఏందది? గోడౌన్ ఉన్నట్టు ఉండాది."

"నేనేం తెచ్చినానమ్మా? నువ్వు తెచ్చినవాటి పొట్టే కదా అది," అంది సరోజమ్మ.

మోజెస్ ఈ చర్చలో తలదూర్చలేదు. తన అటక ఎవరూ చూడకపోతే చాలు అతనికి. అందులో అతను ఇప్పటిదాకా కొన్న ఫోన్లన్నిటి ఖాళీ డబ్బాలు వరసగా పేర్చి ఉన్నాయి. ఫోన్లు లేవు. ఒకటి నీళ్ల బక్కెట్లో పడింది, ఒకటి ఆటోలో పోయింది. డబ్బా ఉంటే అమ్మేటప్పుడు మంచి రేటు వస్తుందని అతని లెక్క.

ఇక పండుగ సంగతికొద్దాం. కోత పండుగంటే తెలియని వాళ్ల కోసం చెబుతున్నా. పంట ఇంటికొచ్చిన సంతోషానికి సంఘస్థులంతా తమకు చేతనైనది దేవునికి అర్పణగా తెస్తారు. గుమ్మడికాయలు, కోళ్లు, జొన్న కంకులు, టెంకాయలు, ఇంట్లో చేసిన కేకులు. ఆరాధన అయ్యాక చర్చి ముందర షామియానా కింద వేలంపాట. కోడినిచ్చిన మనిషే పంతానికి పోయి పాట పెంచి, అదే కోడిని చంకలో పెట్టుకొని ఇంటికి వెళ్తాడు. కోడికి ఒక పూట చర్చి చూసిన భాగ్యం, చర్చికి నాలుగు డబ్బులు. ఎవరికీ నష్టం లేదు.

కానీ పోయినేడు కొత్తగా వచ్చిన పాస్టరు అయ్యగారికి మంచి ఆలోచన వచ్చింది. ఈసారి ఎవరూ కొత్తగా ఏదీ కొని తేవద్దన్నారు. ఇంట్లో వాడకుండా పడి ఉన్న వస్తువులు తెండి, ఒకరికి అక్కర్లేనిది ఇంకొకరికి అక్కరకొస్తుంది, భూమి మీద బరువు తగ్గుతుంది అన్నారు. ఎవరేమిచ్చారో తెలిసి ఎవరూ చిన్నబోకూడదని, ప్రతిదీ పాత పేపర్లలో చుట్టి తెమ్మన్నారు. సంఘమంతా తలలూపింది. చాలామంది కళ్లలో వెలుగు కనిపించింది. అదేం వెలుగో అయ్యగారికి అప్పుడు అర్థం కాలేదు.

అయ్యగారు చెప్పడం మరిచిపోయిందల్లా ఒక చిన్న మాట. ఎవరింట్లోవి తేవాలో చెప్పారు గానీ, ఎవరివి తేవాలో చెప్పలేదు.

శనివారం పొద్దున్నుంచే చర్చి వరండాలోకి పొట్లాలు రావడం మొదలైంది. సంఘపెద్ద గిద్యోను గారి హార్మోనియం వచ్చింది. తెచ్చింది ఆయన భార్య. రోజూ సాయంత్రం ఆయన దాంతో చేసే శబ్దం ఆమె ఇన్నేళ్లుగా భరిస్తోంది. కాసేపటికి ఆమె ఇడ్లీపాత్ర వచ్చింది. తెచ్చింది గిద్యోను గారే. ఇడ్లీ అంటే ఆయనకు మొదట్నుంచీ గిట్టదు. ఒకాయన మామగారి పడక కుర్చీ తెచ్చాడు. ఆ మామగారు అల్లుడి వ్యాయామం సైకిలు మోయించుకొచ్చాడు. తన సొంత వస్తువు తెచ్చిన మనిషి ఒక్కరంటే ఒక్కరు లేరు! అయినా వరండా నిండిపోయింది. త్యాగమంటే అదీ!

సరోజమ్మ ఆ పొద్దున బ్రూస్‌పేట బజారుకు వెళ్లింది. నీలం దారం అయిపోయింది. మిషనుకు నూనె పోయక చాలా రోజులైంది, చక్రం కిర్రుమంటోంది. చిన్న నూనె సీసా, రెండు దారపు ఉండలు కొనుక్కొని, ఎండకు కొంగు తల మీద కప్పుకొని ఆటో దిగింది. ఇంట్లోకొచ్చి చూస్తే కిటికీ కింద మిషను లేదు. దాని కాళ్ల అచ్చులు మాత్రం బండల మీద మిగిలాయి.

నూనె సీసా చేతిలో ఉండగానే కోడల్ని పిలిచింది.

"లోయిస్, మిషను యాడమ్మా?"

"దేవుని పనికి ఇచ్చినాం అత్తమ్మా," అంది లోయిస్ సంతోషంగా. "అయ్యగారి థీమ్ ఉండాది కదా. మన ఇంట్లో నుంచే పెద్ద అర్పణ."

"అది వాడతాండే మిషను కదమ్మా!"

"ఏం వాడతారు అత్తమ్మా, సుమ్నే, ఊరికే కండ్లు పాడు చేసుకుంటారు. ఇంక రెస్ట్ తీసుకోండి. ఏదన్నా చినిగితే కొత్తది తెప్పించుకుందాం."

చూశారా, ఎంత చక్కటి మాట! పాతవి మళ్లీ వాడుకునే పండుగ కోసం, పాతవాటిని మళ్లీ వాడుకునేలా చేసే మిషనును పంపేసి, చినిగితే కొత్తవి కొనుక్కోవడం! ఇంత పొందికైన ప్రణాళిక ప్రభుత్వాలు కూడా వేయలేవు.

దేవునికి ఇచ్చేశామన్నాక సరోజమ్మ ఏమంటుంది? వద్దంటే దేవుని ముందర నుంచి లాక్కున్నట్టు. నూనె సీసా తీసుకెళ్లి మంచం కింద గుడ్డల మూట పక్కన పెట్టింది. మంచమ్మీద కూర్చొని, ఖాళీగా ఉన్న చేతుల్ని ఒళ్లో పెట్టుకొని ఏడ్చింది. గట్టిగా ఏడిస్తే కోడలు బాధపడుతుందని మెల్లిగానే ఏడ్చింది.

సాయంత్రం మోజెస్ వచ్చి కిటికీ వైపు చూశాడు. తల్లి మొహం చూశాడు. పెళ్లాం మొహం చూశాడు. ఆ ఇద్దరి మధ్య నోరు తెరిస్తే ఏమవుతుందో తెలిసినవాడు కాబట్టి అన్నం తిని లేచాడు. మనసులో మాత్రం ఒకటి గట్టిగా అనుకున్నాడు. రేపు ఎంతైనా సరే పాటలో మిషను తనే పాడి, గుట్టుచప్పుడు కాకుండా మళ్లీ ఇంటికి తెచ్చేయాలి. అదే సమయానికి, పక్క గదిలో, సరోజమ్మ కూడా తన పింఛను డబ్బులు రుమాల్లో ముడి వేసుకుంటూ సరిగ్గా అదే అనుకుంటోంది. ఈ విషయం ఒకరికొకరు చెప్పుకొని ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది. కానీ మంచి కుటుంబాల్లో ఇలాంటివి చెప్పుకోరు కదా!

ఆదివారం ఆరాధన ముగిసింది. షామియానా కింద జనం సర్దుకున్నారు. చర్చిలో ఎలాగో పాట దగ్గరా అలాగే, మగవాళ్లు ఒక వైపు, ఆడవాళ్లు ఒక వైపు. మధ్యలో పొట్లాల గుట్ట. ఆ గుట్ట ఈసారి ఎంత ఎత్తు లేచిందంటే, ఇటున్నవాళ్లకు అటున్నవాళ్లు కనిపించరు. అందరికీ కనిపించేది కుర్చీ ఎక్కి నిలబడ్డ గిద్యోను గారొక్కరే. పాట పాడించేది ఆయనే.

సరోజమ్మ పెద్దవాళ్లతో పాటు ముందు వరసలో చాప మీద కూర్చుంది. మోజెస్ మగవాళ్ల వైపు స్తంభం పక్కన నిలబడ్డాడు. లోయిస్ కార్యదర్శి కాబట్టి ఆడవాళ్ల వైపు చిట్టచివర, టీ పోసే చోట, కప్పులు లెక్క చూస్తోంది.

గిద్యోను గారు తన హార్మోనియాన్ని పేపర్లో ఉండగానే గుర్తుపట్టి, కళ్లు చెమర్చగా, తనే పాడుకున్నారు. భార్య ఇడ్లీపాత్రను భార్యే పాడుకుంది. మామగారు తన పడక కుర్చీ విడిపించుకున్నారు. చిల్లులు పడ్డ చర్చి పైకప్పు బాగుచేయించే నిధి చూస్తుండగానే పెరుగుతోంది. అంతలో, పాత పేపర్లు చుట్టి, పైన బెలూన్లు కట్టిన పెద్ద వస్తువును ఇద్దరు మోసుకొచ్చారు. పేపరు చుట్టినంత మాత్రాన కుట్టు మిషను ఏనుగులా కనిపిస్తుందా? అందరికీ తెలిసిపోయింది.

"ఏమప్పా, బలే సరుకు ఉండాది! ఎవురు మొదలు పెడతారు?" అని అరిచారు గిద్యోను గారు.

సరోజమ్మ చేతిలోని కీర్తనల పుస్తకం పైకెత్తింది. ఆమె గొంతు పెద్దది కాదు. ముందుకు వంగి గిద్యోను గారికి వినబడేట్టు చెప్పింది.

"ఆడోళ్ల దిక్కు నుంచి ఐదు నూర్లు!" అని చాటారాయన.

మోజెస్ చెయ్యెత్తాడు. "మగోళ్ల దిక్కు నుంచి ఆరు నూర్లు!" అన్నారు గిద్యోను గారు.

సరోజమ్మకు గుబులు పుట్టింది. తన మిషను మీద కన్నేసిన ఆ మగ మహానుభావుడెవరు? మళ్లీ పుస్తకం ఎత్తింది. అవతల మోజెస్‌కు చెమట పట్టింది. అమ్మ మిషను కోసం ఇంత మొండిగా పాడుతున్న ఆ ఆడమనిషి ఎవరు? మళ్లీ చెయ్యెత్తాడు. తల్లీ కొడుకూ ఒకే మిషను కోసం, ఒకరి మీద ఒకరు, పొట్లాల గుట్టకు చెరో పక్క నుంచి పాట పెంచుకుంటూ పోయారు.

కుర్చీ మీదున్న గిద్యోను గారికి ఇద్దరూ కనిపిస్తున్నారు. ఒక్క మాట అంటే సరిపోయేది. అనబోయారు కూడా. కానీ తల తిప్పితే ఎదురుగా చర్చి పైకప్పుకు పడ్డ చిల్లులు కనబడ్డాయి. నోరు మూసుకొని తర్వాతి అంకె అరిచారు. దైవభక్తి అంటే అట్లుండాలి.

ఇంతలో టీ దగ్గరున్న లోయిస్ చెవిన ఈ గొడవ పడింది. పాట అలా పెరుగుతుంటే ఆమెకు అనుమానం మొదలైంది. ఆ పాత మిషను కోసం రెండు దిక్కులా ఇంత పట్టు పడుతున్నారంటే అది మామూలు మిషను అయ్యుండదు. పాత ఇనుము, పాత పనితనం, ఇప్పుడు దొరకని సరుకు! పెద్ద పెద్ద ఇళ్లల్లో ఇలాంటివి హాల్లో పెట్టుకుంటారని ఏదో వీడియోలో చూసింది కూడా. అయ్యో, ఇంత విలువైనదాన్ని ఊరికే ఇచ్చేశామే! నిన్న ఎందుకూ పనికిరానిది ఇవాళ ఇంకొకరికి కావాల్సొచ్చేసరికి ఆమెకూ కావాల్సొచ్చింది.

"రెండు వేలు!" అని కప్పుల మధ్య నుంచి అరిచింది లోయిస్. ఆ గోలలో గొంతు ఎవరిదో ఎవరూ పోల్చుకోలేదు.

సరోజమ్మ చెయ్యి ఆగిపోయింది. రుమాల్లో ఉన్నది అంత లేదు. వెనక్కి తిరిగి చూసే ధైర్యం లేక తల దించుకుంది. పోయింది, నా మిషను పోయింది అనుకుంది. ఆ క్షణాన ఆమె మొహం చూసి ఉంటే మీరు కూడా ఈ వ్యాసం చదవడం ఆపేసి ఉండేవారు.

ఇక మిగిలింది మొగుడూ పెళ్లాలు. ఇంట్లో ఏనాడూ గెలవని మోజెస్, ఎదురుగా ఎవరున్నారో తెలియకపోయినా, ఎందుకో కాసేపటికే నీరసించిపోయాడు. గిద్యోను గారు మూడోసారి అరిచి మిషనును ఆడవాళ్ల వైపుకు ఖాయం చేశారు. లోయిస్ ఫోను తీసి గోడకు అంటించిన కోడ్‌ను స్కాన్ చేసింది. ఆ డబ్బు వెళ్లేది మోజెస్ బ్యాంకు ఖాతాలో నుంచే కాబట్టి, మగవాళ్ల వైపు స్తంభం పక్కన అతని జేబులో ఫోను టింగుమంది. మెసేజ్ చూసుకున్నాడు. రెండోసారి చూసుకున్నాడు. తన పాట ఎవరు కొట్టేశారో అప్పుడు తెలిసింది.

లెక్క ఎంత బాగా కుదిరిందో గమనించారా! ఇంట్లో నుంచి ఒక్క వస్తువు కూడా పోలేదు. కొత్తగా ఒక్క వస్తువూ రాలేదు. డబ్బులు మాత్రం ఖర్చయ్యాయి. ఆర్థిక వ్యవస్థ నడిచింది, భూమ్మీద బరువు పెరగలేదు. ఇంతకన్నా పర్యావరణానికి ఏం కావాలి?

మిషను ఆటోలో ఇంటికి చేరేసరికి సరోజమ్మకు ప్రాణం లేచొచ్చింది. కోడలి చేతులు పట్టుకుంది. "నా కోసం పాడినావా తల్లీ!" అంది. లోయిస్ కొంచెం తడబడి, ఔననీ కాదనీ కాకుండా నవ్వింది.

మరుసటి రోజే మిషను కిటికీ కింద నుంచి హాల్లోకి మారింది. చక్రానికి బంగారు రంగు స్ప్రే కొట్టించారు. బల్లకు పాలిష్ పట్టించారు. దాని మీద కొత్తగా కొన్న పింగాణీ కుండీలో మనీప్లాంటు, చుట్టూ చిన్న చిన్న లైట్లు. వచ్చినవాళ్లంతా పక్కన నిలబడి ఫోటోలు దిగుతున్నారు. లోయిస్ ఆ మూలకు 'వింటేజ్ కార్నర్' అని పేరు పెట్టింది.

సరోజమ్మ ఒకసారి అలవాటుగా చక్రం మీద చెయ్యి వేయబోయింది.

"అత్తమ్మా, ముట్టుకోవద్దు, పెయింటు పోతాది!" అంది లోయిస్ కంగారుగా.

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. మిషను పోయినప్పుడు ఏడ్చిన మనిషికి, అది కళ్లెదుటే ఉండి దక్కకపోతే ఏడుపు కూడా రాలేదు. శరణమ్మ జాకెట్టు పట్టుకొని వచ్చి, లైట్లు చూసి, జాకెట్టుతో పాటే తిరిగి వెళ్లిపోయింది. మంచం కింద గుడ్డల మూట అట్లాగే ఉండిపోయింది. నూనె సీసా మూత కూడా తీయలేదు.

ఇంటికి మాత్రం మంచే జరిగింది. గలీబు చినిగితే కొత్త గలీబు వచ్చింది. అది ప్లాస్టిక్ కవర్లో, ఆ కవరు అట్టపెట్టెలో, ఆ పెట్టె ఇంకో కవర్లో వచ్చాయి. మోజెస్ చొక్కాకు గుండీ ఊడితే చొక్కానే మారింది. సంచి తెగితే సంచీ వచ్చింది, దాని మీద 'పాతవి మళ్లీ వాడండి' అని పెద్ద అక్షరాలు. ఉల్లిగడ్డలు పోయగానే దాని చేతులు ఊడాయి. చెత్త బండి అబ్బాయి ఆ ఇంటి ముందు ఇంతకు ముందుకన్నా ఎక్కువసేపు ఆగుతున్నాడు. నగరం శుభ్రంగా ఉండాలంటే చెత్త బండికి పని ఉండాలి కదా!

ఇలా ఏడాది గడిచింది. మళ్లీ కోత పండుగ దగ్గరపడింది. ఈసారి థీమ్ ఏదన్నది మాట్లాడుకోవడానికి సంఘపెద్దలు మోజెస్ ఇంట్లో కూడుకున్నారు. హాల్లో, సరిగ్గా వింటేజ్ కార్నర్ ఎదురుగా. గిద్యోను గారికి అనుమానమే లేదు. చర్చి కప్పు సగమే బాగైంది.

"పోయినేడు మాదిరే పెడదామప్పా. జనం బలే ఉత్సాహంగా ఉండారు," అన్నారాయన.

అందరూ సరేనన్నారు. అందరి చూపులూ అప్పుడే పక్కవాళ్ల సామాన్ల మీదికి పోతున్నాయి. టీ తెచ్చిన సరోజమ్మ ట్రే కింద పెట్టి అక్కడే నిలబడింది.

"గిద్యోనన్నా, నాదొక మాట. ఈసారి ఎవురిది వాళ్లే తేవాల. పక్కనోళ్లది ముట్టకూడదు."

ఎవరో బిస్కెట్ కొరకబోయి ఆగారు. మోజెస్‌కు అటక గుర్తొచ్చింది. లోయిస్‌కు గాజు సీసాలు గుర్తొచ్చాయి. గిద్యోను గారికి హార్మోనియం గుర్తొచ్చి ఉక్కిరిబిక్కిరిగా దగ్గారు.

"అదెట్లక్కా, ఎవురిది వాళ్లంటే... అన్నీ పనికొచ్చేవే కదా ఉండేది," అన్నారు చివరికి.

"పనికిరానిది మా ఇంట్లోనే ఒకటి ఉండాది," అంది సరోజమ్మ శాంతంగా. "ఇదిగో, ఈ మిషను. దుడ్లిచ్చి పాడుకున్నది లోయిస్. అందుకని లోయిస్‌దే. కానీ కుట్టేది లేదు, తొక్కేది లేదు. కుండీ పెట్టుకునేదానికి ఇంత మిషనెందుకు, ఒక స్టూలు చాలు. ముందర దీన్నే రాసుకోండి."

గిద్యోను గారి కళ్లు మెరిశాయి. పోయినేడు ఎంత పలికిందో ఆయన మరిచిపోలేదు. మిగిలిన సగం కప్పు ఆయన కళ్ల ముందు కనిపించింది.

"అయ్యో, రాసుకోవద్దు గిద్యోనన్నా!" అని లేచి నిలబడింది లోయిస్. తన డబ్బు, తన పాలిష్, తన బంగారు రంగు! "అది పనికొచ్చేదే. వాడకంలోనే ఉండాది."

"యాడ వాడతాండామమ్మా?"

"వాడతాం అత్తమ్మా! మీరు కుట్టరా ఏంది?"

"నేనా? ముట్టుకుంటే పెయింటు పోతాదంటివే."

"పోతే పోనీ! రేపట్నుంచి కుట్టండి."

"రేపంటే గిద్యోనన్న ఎట్ల నమ్మల్ల? పాపం, వాడకంలో ఉండే సరుకా కాదా అని ఆయన చూసుకొని పోవల్ల కదా."

గిద్యోను గారు అవునన్నట్టు తలూపారు. లోయిస్ అందరి మొహాలూ చూసింది. దారి లేదు. తన చేతుల్తో తనే మనీప్లాంటు కుండీ ఎత్తి కింద పెట్టింది. లైట్ల తీగ పీకింది. సరోజమ్మ లోపలికి వెళ్లి, ఏడాది కిందట బ్రూస్‌పేటలో కొన్న దారపు ఉండా, నూనె సీసా తెచ్చింది. మూత తీసి, ఎక్కడెక్కడ పోయాలో అక్కడ చుక్క చుక్క పోసింది. చక్రం మీద చెయ్యి వేసింది. సంతోషం పట్టలేక కళ్లు తుడుచుకుంది. గిద్యోను గారి కోటు జేబు చాన్నాళ్లుగా చినిగి వేలాడుతోందని ఆమె ఎప్పుడో చూసింది. కోటు విప్పమని, ఆయన ముందరే, రెండు పేటల కుట్టు వేసి ఇచ్చింది. అరచేతికి కొంచెం బంగారు రంగు అంటుకుంది.

ఇక థీమ్ మాట. ఎవరిది వాళ్లే తేవాలన్న ప్రతిపాదన మీద పెద్దలు చాలాసేపు ప్రార్థనాపూర్వకంగా ఆలోచించారు. సంఘం మీద అంత భారం మోపడం భావ్యం కాదని ఏకగ్రీవంగా తేల్చారు. ఈసారికి గుమ్మడికాయలే! మోజెస్ డబ్బాలు అటక మీద క్షేమం. లోయిస్ సీసాలు క్షేమం. భూగోళం సంగతి వచ్చే ఏడు చూస్తారు.

కాబట్టి పాఠకులారా, నా వాదన గెలిచిందో ఓడిందో మీరే చెప్పండి. ఒక వస్తువు పనికొస్తుందా లేదా అన్నది ఇన్నాళ్లూ ఆ వస్తువును చూసి తేల్చాలనుకునేవాణ్ణి. అది ఎవరిది అన్నది ముందు అడగాలని ఇప్పుడు తెలిసింది. మనదైతే పనికొస్తుంది, ఇంట్లో పెద్దవాళ్లదైతే పనికిరాదు. తగ్గించుకోండి, తగ్గించుకోండి అని గొంతు చించుకునే మనం, ఉన్నదాంట్లో సరిపెట్టుకుంటున్న మనిషి చేతిలోదే ముందు లాక్కుంటాం. దానికి భూమి పేరు పెట్టుకుంటాం.

ఆ రోజు పెద్దలంతా వెళ్లిపోయాక లోయిస్ అత్తగారి పక్కన స్టూలేసుకొని కూర్చుంది. కాసేపు కుట్టడం చూసింది. పిల్లది మంచిదని ముందే చెప్పాను కదా. తప్పు తెలుసుకున్నట్టు గొంతు తగ్గించి అడిగింది.

"అత్తమ్మా, బేజారు పడొద్దు. ఈ మిషను మీదే. నాదని ఇంకెప్పుడూ అనను. సరేనా?"

సరోజమ్మ తొక్కడం ఆపేసింది. కంగారుగా కోడలి చెయ్యి పట్టుకుంది.

"వద్దమ్మా, వద్దు! నాదంటే మళ్లా పనికిరాకుండా పోతాది. నీదిగానే ఉండనీ."

అని, మంచం కింద గుడ్డల మూట తెమ్మని కోడల్నే పంపింది.